ఓసీటీ నార్మల్ అన్నాక కంటికి ఎమ్మారై ఎందుకు?

తెనాలి_అన్న:
మా చెల్లికి ఎడమ కన్ను మసకేసింది. కన్ను తిప్పితే లోపల నొప్పి. ఎర్ర చీర ఆ కంటికి వెలిసిపోయినట్టుందట. రెటీనా డాక్టరు చుక్కలు వేసి చూశారు, ఓసీటీ (కంటి వెనక పొర రెటీనాని కాంతితో తీసే స్కాన్) తీశారు, రెటీనా బాగుందన్నారు. మళ్లీ ఆయనే బ్రెయిన్, ఆర్బిట్ (కంటి గూడు) ఎమ్మారై రాశారు, కాంట్రాస్ట్ ఇంజెక్షన్‌తో. అందులో రెటీనా ఇంకా బాగా కనిపిస్తుందా? ఇంజెక్షన్ లేకుండా కుదరదా? ఎంతవుతుంది?

స్కాన్‌రూమ్_కర్నూలు:
ఎమ్మారై టెక్నీషియన్‌ని, రోజూ ఇదే పని. రెటీనా కోసం రాసింది కాదండీ అది. రెటీనా మందం దాదాపు 0.25 మిల్లీమీటరు, మేం తీసే ఒక్కో స్లైసే 2, 3 మిల్లీమీటర్లు. పొరలు చూడాలంటే ఓసీటీయే. మీ డాక్టరు చూడాలనుకున్నది కంటి వెనకాల నరం. కొవ్వు సిగ్నల్ అణిచేసి కాంట్రాస్ట్ ఇస్తే వాచిన నరం తెల్లగా వెలుగుతుంది, అందుకే ఇంజెక్షన్. కాటుక, మస్కారా పూర్తిగా తుడిచి రమ్మనండి. కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడి ఉంటే ముందే చెప్పాలి.

ఆటోనగర్_లేత్:
రజను మాట ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. నాకు మోకాలికి ఎమ్మారై రాశారు. గ్రైండింగ్ పని అనగానే ముందు కళ్లకి ఎక్స్‌రే తీయించుకు రమ్మన్నారు. మోకాలికీ కంటికీ సంబంధమేంటి? పడిన రజను డాక్టరు ఎప్పుడో తీసేశాడు. ఇది బిల్లు పెంచడం కాక ఇంకేంటి?

స్కాన్‌రూమ్_కర్నూలు:
తీసింది నల్లగుడ్డు పైన పడ్డది. లోపలికి దూసుకుపోయింది నొప్పి లేకుండా ఏళ్లకేళ్లు ఉండిపోవచ్చు. మోకాలి స్కాన్‌లో మీ తల మెషీన్ సొరంగం మూతి దగ్గరే ఉంటుంది, ఇనుముని గట్టిగా లాగేది అక్కడే. స్కాన్‌లో తునక కదిలి కంట్లో రక్తం కారి చూపు పోయిన కేసు 1986లోనే రిపోర్టయింది.

ఆటోనగర్_లేత్:
మా షెడ్లలో రజను పడనివాడు లేడు. మీ లెక్కన సగం ఆటోనగర్‌కి చూపు పోవాలి. ఏసీ గదిలో కూర్చుని భయపెట్టకండి.

పటాన్‌చెరు_ఫిట్టర్:
అన్నా, భయపెట్టడం కాదు. మా బావ ఉలి మీద సుత్తితో కొడుతుంటే పెచ్చు లేచింది. ఏదో పురుగు తగిలినట్టుందని నీళ్లతో కడుక్కుని పనిలో పడ్డాడు. చూపు తగ్గాక సీటీ తీస్తే పెచ్చు రెటీనా పక్కన ఉంది. ఎక్స్‌రే డబ్బులకి చూడకు. గాగుల్స్ పెట్టుకో.

ఆటోనగర్_లేత్:
గాగుల్స్ పెడితే చెమటకి ఆవిరి పట్టి మార్కింగ్ కనపడదు. వేలు పోతే నువ్వొస్తావా?

చిట్టితల్లి_అమ్మ:
మీ గొడవ కాస్త ఆపండి. మా పాప ఫొటోలో ఒక కంటిపాప తెల్లగా మెరిసింది. లైటు పడి ఉంటుందిలే అన్నారు ఇంట్లో. తీరా చూస్తే రెటినోబ్లాస్టోమా, పిల్లల రెటీనాలో వచ్చే క్యాన్సర్. ఎమ్మారై తీసింది గడ్డ నరంలోకి పాకిందా, మెదడులో ఇంకేమైనా ఉందా అని. వంశపారంపర్య రకమైతే రేడియేషన్‌తో ముందు ముందు వేరే క్యాన్సర్ల భయమని సీటీ వద్దన్నారు. కదలకుండా మత్తిచ్చి తీశారు. ఫొటోలో పిల్లల కన్ను అలా మెరిస్తే ఒక్క రోజు కూడా ఆగకండి, దండం పెడతాను.

విజయనగరం_పద్మ:
తెనాలి తమ్ముడూ, నాకూ అచ్చం ఇలాగే వచ్చింది. ఆప్టిక్ న్యూరైటిస్, అంటే కంటి నరం వాపు అన్నారు. మందుల షాపులో స్టెరాయిడ్ బిళ్లలు కొని మింగించకు. మామూలు డోసు బిళ్లలు మాత్రమే వాడినవాళ్లకి జబ్బు ఎక్కువగా తిరగబెట్టిందని 1992లోనే అమెరికా ట్రయల్‌లో తేలింది. ఆసుపత్రిలో మొదట సెలైన్‌లో స్టెరాయిడ్ ఎక్కించేది వేరు. మెదడులో మచ్చలు ఉన్నాయా లేదా అన్నది కూడా ఆ ఎమ్మారైలోనే తెలుస్తుంది, అది వాయిదా వేయకు.

తెనాలి_అన్న:
సరే అక్కా, రేపే తీసుకెళ్తున్నాం. కాంట్రాస్ట్ కోసం క్రియాటినిన్ (కిడ్నీ) టెస్టు కూడా చేయించాం, నార్మల్.

నెల్లూరు_రిటైర్డ్:
నాకు శుక్లం తీసి లెన్స్ వేశారు. నేను ఎమ్మారై తీయించుకోవచ్చా?

స్కాన్‌రూమ్_కర్నూలు:
ఇప్పుడు వేసేవి ప్లాస్టిక్ లెన్సులండీ, ఇబ్బంది లేదు. ఆపరేషన్ కార్డు మాత్రం తెచ్చి చూపించండి. లేత్ అన్నా, మీరు ఎక్స్‌రే తీయించారా లేదా?

ఆటోనగర్_లేత్:
సోమవారం వెళ్తా.