ఎకనామిక్స్ వాళ్ళతో ఒకే ప్రాజెక్టు... ప్రాగ్మాటిజం పనికొస్తుందా?

ప్రశ్న: మాది సోషియాలజీ. ఎకనామిక్స్ వాళ్ళేమో సర్వే, రిగ్రెషన్ (అంకెల మధ్య సంబంధం లెక్కగట్టే పద్ధతి) తప్ప ఇంకేదీ డేటా కాదంటారు, మేమేమో ఊళ్ళో కూర్చుని మాట్లాడకుండా ఏం తెలుస్తుందంటాం, మీటింగులన్నీ దీంతోనే సరి. ఎవరో ప్రాగ్మాటిజం చదవమన్నారు. అంటే ఏదోలా పని కానిచ్చేయమనడమేనా?

రిప్లై: కాదండి. ప్రాగ్మాటిజం చెప్పిన అమెరికన్ తత్వవేత్త జాన్ డ్యూయీ లెక్కలో ఐడియా అంటే పనిముట్టు, సమస్య మీద పెట్టి చూస్తేనే దాని విలువ తెలిసేది. 2014లో పశ్చిమాఫ్రికాలో వచ్చిన ఎబోలానే తీసుకోండి. గినీ, సియెర్రా లియోన్, లైబీరియాల్లో శవాన్ని కడిగి ముట్టుకుని సాగనంపే ఆచారం వల్ల వైరస్ పాకుతోందని ఎపిడెమియాలజీ (రోగాలు ఎలా వ్యాపిస్తాయో చూసే శాస్త్రం) వాళ్ళకి తెలుసు, కానీ సూట్లేసుకున్న టీములొచ్చి శవాన్ని ఎత్తుకుపోతుంటే జనం దాచిపెట్టి రహస్యంగా పూడ్చుకున్నారు. ఆంత్రోపాలజిస్టులు (జనం ఆచారాలు, జీవితం అధ్యయనం చేసేవాళ్ళు), మతపెద్దలు కూడా చర్చలో కూర్చున్నాక నవంబర్‌లో డబ్ల్యూహెచ్‌ఓ కొత్త ప్రోటోకాల్ తెచ్చింది: ముస్లింలకైతే నీళ్ళు లేకుండా శుద్ధి, కఫన్ (శవానికి చుట్టే బట్ట), ప్రార్థన, ఇంటివాళ్ళు దగ్గరుండటం. ఏ సబ్జెక్టు గొప్పో ఎవరూ తేల్చలేదు, ఆ అవసరమూ రాలేదు.

ఇంకో రిప్లై: ఎమర్జెన్సీ కాబట్టి కుదిరింది సార్. మామూలప్పుడు ఏది "పనిచేసిందో" డిసైడ్ చేసేది ఫండింగ్ ఇచ్చేవాళ్ళేగా. ఆంత్రోపాలజిస్టుని ఆఖర్న పిలిచి జనాన్ని ఒప్పించమంటారు, దాన్ని సహకారమంటే నేనొప్పుకోను.

మరో రిప్లై: పాయింటే. కానీ సమస్య ఎవరిదో వాళ్ళు విచారణలో లేకపోతే అది విచారణే కాదన్నది డ్యూయీ వాదనలోనే ఉంది. అంబేద్కర్ 1913-16లో కొలంబియాలో చదివినప్పుడు డ్యూయీ క్లాసులు విన్నారు, ఆ ప్రభావం తర్వాత రాతల్లో బాగానే కనిపిస్తుంది. ఇక మీ గొడవకి, మెథడ్ సంగతి పక్కన పెట్టి ముందు ప్రశ్న కలిసి రాసుకోండి, వాళ్ళ సర్వేలో లెక్క తేడాగా వచ్చిన ఇళ్ళకే మీరు వెళ్ళి మాట్లాడండి.