గొలుసు ప్రార్థన రాత్రి 2 తర్వాత తెగకుండా ఎట్లా నిలబెట్టాలి?

పాస్టరయ్యలకు, అన్నలకు, అక్కలకు వందనాలు. హన్మకొండ దగ్గరి పల్లె సంఘంలో 24 గంటల గొలుసు ప్రార్థన, అంటే ఒకరి తర్వాత ఒకరు వంతులేసుకుని ఆపకుండా చేసే ప్రార్థన, పెడుతున్నాం. అరగంటకొక వంతు, మొత్తం 48. వంతుకు ఇద్దరు చొప్పున 96 పేర్లు కావాలి. ఒక్కరినే పెడితే, ఆ మనిషికి కునుకు పడితే గొలుసు అక్కడే తెగుతది. తెగేది కూడా రాత్రి 2 నుంచి 4 మధ్యనే. పత్తి ఏరే రోజులైతే ఇక చెప్పనక్కర్లేదు.

రెండో చిక్కు: పది నిమిషాలకే మాటలు అయిపోతాయి. బైబిల్లో 1 తిమోతి 2:1లో విజ్ఞాపనలు, ప్రార్థనలు, యాచనలు, కృతజ్ఞతాస్తుతులు నాలుగూ ఉన్నా, మనోళ్లు రోగుల పేర్లు చదివి ఆపేస్తారు. అందుకే కీర్తన చదవడం 5 నిమిషాలు, స్తుతి 5, విజ్ఞాపన 15, మౌనం 5 అని కాగితం రాసి గోడకు అంటించాలనుకుంటున్నాం. మౌనం పల్లెలో కుదురుతదా? నాకైతే అనుమానమే.

అడిగేది ఇది: రాత్రి వంతులు మందిరంలోనే పెట్టాలా, ఇంట్లో చేసి ఫోన్‌లో తర్వాతివాళ్లకు అప్పగిస్తే చాలా? ఆడవాళ్లకు ఏ గంటలు ఇస్తున్నారు? ప్రార్థన చేయమని రాసిచ్చే చీటీల్లో ఇంటి గొడవలు రాస్తే పైకి చదవకుండా ఎట్లా ప్రార్థిస్తున్నారు? చదివితే తెల్లారేసరికి ఊరంతా తెలుస్తది.