అప్‌డేట్: కిచెన్ గట్టు తెల్ల మార్బుల్ మీద మచ్చలు, కారణం తెలిసింది

కోకాపేట కొత్త ఫ్లాట్‌లో ఓపెన్ కిచెన్ గట్టుకి వేయించిన తెల్ల ఇటాలియన్ మార్బుల్ మీద మచ్చలు పోవట్లేదని ఇక్కడే అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పాలిష్ మేస్త్రీ టార్చ్ అడ్డంగా పట్టి చూపించాడు: గిన్నె అడుగంత గుండ్రంగా రాయి మెరుపే పోయింది. అది మరక కాదు. మార్బుల్‌లో ఉండేది కాల్షియం కార్బొనేట్, పులుపు తగిలితే పైపొర కరుగుతుంది. "చింతపండు, నిమ్మకాయ చూసుకోండి" అన్నవాళ్లదే కరెక్ట్. రాయి మీద పూసే సీలర్ రెండుసార్లు కొట్టించినా లాభం లేదు, అది నూనె, పసుపు త్వరగా ఇంకకుండా చూస్తుందంతే. మచ్చలు బోరు నీళ్ల వల్లేమో అన్న అనుమానం కూడా వృథా.

డైమండ్ ప్యాడ్లతో (వజ్రపు పొడి ఉండే పాలిష్ బిళ్లలు) రుద్దితే మెరుపొచ్చింది కానీ, రోజూ పప్పుచారు కాచే ఇంట్లో ఎన్నాళ్లుంటుంది? స్టవ్ వైపు నల్ల గ్రానైట్ వేయించేశాం. హాల్లో మార్బుల్ అలాగే ఉంచాం, అక్కడ చాలా బాగుంది.