"బూజు రసం" అని రాయొచ్చా?

ప్రశ్న:
తొమ్మిదో తరగతి పిల్లల కోసం పెన్సిలిన్ కథ రాస్తున్నాను. "శిలీంధ్రం" అని రాస్తే పిల్లలు పరీక్ష మొహం పెడుతున్నారు. "బూజు" అందామంటే తోటి టీచరు ఒప్పుకోవడం లేదు. బూజంటే కర్రకు చీపురు కట్టి దులిపేది, దాంట్లోంచి మందేమిటి అంటారావిడ. మీ ఇళ్లల్లో రొట్టెకు, ఊరగాయకు పట్టేదాన్ని ఏమంటారు? ఇంకొకటి. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్, బూజు పెరిగిన ద్రవాన్ని ల్యాబ్‌లో మొదట పిలుచుకున్న పేరు తెలుగులో చెబితే "బూజు రసం". అలాగే రాసేయనా? రసం అనగానే పిల్లలకు మిరియాల చారు గుర్తొస్తుందేమోనని టెన్షన్.

జవాబు:
మాస్టారూ, మా వైపు ఆవకాయ జాడీలో నూనె తగ్గితే పైన తెల్లగా పట్టేది బూజే, అటక మూలన వేలాడేదీ బూజే. తిండికి పట్టిందా ఇంటికి పట్టిందా అన్నదాన్ని బట్టి అర్థమైపోతుంది, ఎవరూ పొరబడరు. రసం కూడా ఉంచండి. పిల్లలు నవ్వితే నవ్వనివ్వండి, ఫ్లెమింగ్ ల్యాబ్‌లోనూ అది సరదా పేరులాంటిదే. 1929లో వ్యాసం రాసేటప్పుడు, "బూజు పెరిగిన ద్రవాన్ని వడకట్టగా వచ్చింది" అని ప్రతిసారీ రాయడం కష్టమని పెన్సిలిన్ అని పేరు పెట్టాడు. బూజు పేరు పెన్సిలియం. లాటిన్‌లో చిన్న కుంచె అని అర్థం. మైక్రోస్కోపులో దాని కాడల కొసలు కుంచె వెంట్రుకల్లా చీలి కనిపిస్తాయి.

జవాబు:
శిలీంధ్రం అంటే తప్పేం లేదు గానీ మరీ పెద్ద మాట. పుట్టగొడుగూ శిలీంధ్రమే, ఈస్టూ శిలీంధ్రమే. "శిలీంధ్రం నుంచి మందు" అంటే పుట్టగొడుగుల కషాయం అనుకోవచ్చు.

జవాబు:
నా ఓటు బూజుకే. ఈ కథలో సగం అందం దాని మురికిలోనే ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ, చెయిన్, హీట్లీ అనే శాస్త్రవేత్తల బృందం పెన్సిలిన్‌ను మందుగా తీసే పని మొదలుపెట్టేసరికి రెండో ప్రపంచయుద్ధం వచ్చి పడింది. 1940 మే 25న ఎనిమిది ఎలుకలకు ప్రాణాంతకమైన స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా ఎక్కించి, నాలుగింటికి మాత్రం పెన్సిలిన్ ఇచ్చారు. మందు పడని నాలుగూ తెల్లారేలోపు చచ్చాయి. ఇక మనిషికి సరిపడా మందు కావాలి, బూజు పెంచడానికి వెడల్పాటి గిన్నెలు కావాలి. దొరికినవేమిటంటే ఆసుపత్రి బెడ్‌పాన్లు! అవి బాగానే పనికొచ్చాయి. తర్వాత హీట్లీ వాటి తీరులోనే పింగాణీ పాత్రలు గీసి చేయించాడు. జర్మన్లు ఇంగ్లండులో దిగితే బూజు పోకూడదని దాని బీజాలను కోటు లోపలి గుడ్డకు రుద్దుకున్నారు కూడా.

1941 ఫిబ్రవరిలో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసాయనకు ఇచ్చారు. ముఖమంతా చీము పట్టి, ఒక కన్ను తీసేసిన స్థితి. ఇంజెక్షన్లు మొదలైన రోజుల్లోనే జ్వరం తగ్గింది, తిండి తిన్నాడు. మందు చాలక, ఆయన మూత్రంలో బయటికొచ్చిన పెన్సిలిన్‌నే మళ్లీ వేరుచేసి ఎక్కించారు. అదీ అయిపోయింది. మార్చి 15న పోయాడు. ఇంత జరిగినదాన్ని "శిలీంధ్ర జన్య ఔషధం" అని రాస్తే ఒక్క ముక్క కంటికి కనబడదు.

జవాబు:
అసలు తకరారు "సూక్ష్మజీవనాశకం"తో ఉంది, దాన్నెవరూ పట్టించుకోవట్లేదు. పాఠ్యపుస్తకాల్లో యాంటీబయాటిక్‌కి ఆ మాట చూశాను. కానీ గాయాలు కడగడానికి వాడిన కార్బాలిక్ ఆమ్లం కూడా సూక్ష్మజీవులను చంపేదే కదా? మొదటి ప్రపంచయుద్ధంలో ఇదే ఫ్లెమింగ్ ఫ్రాన్స్‌లోని బులోన్‌లో పనిచేస్తూ, లోతైన గాయాల్లో అలాంటి మందులు పోస్తే అడుగున దాగిన క్రిములు చావవు, రక్షించే తెల్ల రక్తకణాలే చస్తాయని చూపించాడు. ఇక సల్ఫా మందులు. జర్మనీలో డోమాక్ అనే శాస్త్రవేత్త, వీటిలో మొదటిదైన ఎర్రటి రంగు పదార్థం ప్రాంటోసిల్ పనితనాన్ని 1935లో ప్రకటించాడు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికన్ సైనికుల దగ్గర గాయం మీద చల్లుకోవడానికి సల్ఫా పొడి పొట్లాలుండేవి. అదీ సూక్ష్మజీవుల మీద పనిచేసేదే, కానీ రసాయనశాలలో పుట్టింది. 1940ల మొదట్లో అమెరికాలో వాక్స్‌మన్ అనే శాస్త్రవేత్త యాంటీబయాటిక్ అన్న మాటను వాడుకలోకి తెచ్చింది ఒక సూక్ష్మజీవి తయారుచేసి మరోదాన్ని అణిచే పదార్థానికి. ఆ తేడా మన మాటలో లేదు. "యాంటీబయాటిక్" అనే రాయండి, మందుల షాపులో ముసలమ్మ కూడా అలాగే అడుగుతోంది.

జవాబు:
చర్చిల్‌ని చిన్నప్పుడు ఫ్లెమింగ్ వాళ్ల నాన్న బురదలోంచి లాగాడనీ, తర్వాత ఫ్లెమింగ్ పెన్సిలిన్‌తో బతికించాడనీ వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. దయచేసి ఆ పాఠంలో పెట్టకండి. మొదటి భాగం కట్టుకథ. 1943 డిసెంబరులో చర్చిల్‌కు న్యుమోనియా వచ్చిన మాట నిజమే, కానీ తగ్గించింది సల్ఫా మందు.

జవాబు:
మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారిని మర్చిపోకండి. ఆయన అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధన విభాగానికి అధిపతిగా ఉండగానే, అక్కడి శాస్త్రవేత్త డగ్గర్ మిస్సోరి మట్టిలోంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ తీశాడు. కానీ అది 1948లో లోకానికి తెలిసింది, కనుక యుద్ధం అధ్యాయంలో ఇరికించకండి. తర్వాతి పాఠంలో వేసుకోండి.

ప్రశ్న వేసినవారు:
అందరికీ ధన్యవాదాలు. బూజు ఖాయం. మొదటిసారి "రొట్టెకు పట్టే బూజులాంటిది" అని రాసి ముందుకెళ్తాను. చివరి అనుమానం: 1941లో ఫ్లోరీ, హీట్లీ అమెరికా వెళ్లాక పియోరియా ల్యాబ్‌లో మొక్కజొన్న నానబెట్టిన నీళ్లు వాడి దిగుబడి పెంచారు. అక్కడే 1943లో బజారులోని పండు మీద ఇంకా మేలైన బూజు దొరికింది. నా దగ్గరున్న నోట్సులో "పుచ్చకాయ" అని ఉంది. సరైనదేనా?

జవాబు:
కాదండీ, పుచ్చకాయ వేరు. అది కర్బూజా. దాని మీద దొరికిన బూజు సంతతినే పెద్ద పెద్ద ట్యాంకుల్లో పెంచారు. ఇంతకీ "కర్బూజా మీద బూజు" అని రాయండి మాస్టారూ, పిల్లలు జన్మలో మర్చిపోరు.