ఆకులన్నీ రాలిన కొండగోగు బతికే ఉందా?

ప్రశ్న:
మాది తిరుపతి. శేషాచలం అడవి మొక్కల మీద ఇష్టంతో నాలుగేళ్ల క్రితం ఒక కొండగోగు మొక్కను తెచ్చి పెరట్లో నాటాను. సంక్రాంతి దాటినప్పటి నుంచి ఆకులు పండి రాలుతూ వచ్చి, ఈ మాఘమాసానికి కొమ్మలు పూర్తిగా మోడుబారాయి. రోజూ నీళ్లు పోస్తున్నా చిగురు కనబడడం లేదు. కొట్టేయమని ఇంట్లోవాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?

మొదటి జవాబు:
దయచేసి కొట్టేయకండి. కొండగోగు ఎండలు ముదరక ముందే ఆకులన్నీ వదిలేసి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ మోడు కొమ్మల చివరనే పూస్తుంది. అరచేయంత వెడల్పున ఐదు పసుపు రేకులు, నడుమ కుచ్చులాగా లెక్కలేనన్ని కేసరాలు ఉంటాయి. బెరడును గోటితో కొద్దిగా గీరి చూడండి. లోపల పచ్చగా, తేమగా ఉంటే చెట్టు బతికే ఉన్నట్టు. రోజూ నీళ్లు పోయడం మాత్రం మానండి. రాతి గుట్టల మీద పెరిగే జాతి కాబట్టి, దానికి ఎండ కంటే వేరుకుళ్లుతోనే ప్రమాదం ఎక్కువ.

రెండవ జవాబు:
మాది చిత్తూరు. పై మాటతో ఏకీభవిస్తాను గానీ, ఈ ఏడాదే పూస్తుందని గట్టిగా ఆశ పెట్టుకోకండి. మా ఇంటి మోదుగ తొలి మొగ్గ తొడగడానికి ఎనిమిదేళ్లు పట్టింది. ఇప్పుడు నల్లటి మఖమలు తొడిమల నుంచి చిలక ముక్కుల్లాంటి నారింజ పూలు విచ్చుకోగానే తేనెపిట్టలు తెల్లవారకముందే వాలిపోతున్నాయి. పెరట్లో చోటుంటే వేప కూడా వేసుకోండి, ఉగాది పచ్చడికి పూత కొనే పని తప్పుతుంది.

ప్రశ్న అడిగినవారు:
గీరి చూశానండీ, లోపల పచ్చగానే ఉంది. పైకొమ్మ చివర శనగగింజంత మొగ్గలు కూడా రెండు కనబడ్డాయి. నీళ్లు ఆపేశాను.