ఇన్‌ఫెక్షన్ ‘వల్ల’ గ్రాఫ్ట్ మూసుకుపోతుందా?

ప్రశ్న: ఒక ఆరోగ్య వ్యాసం తెలుగులో రాస్తున్నాను. “దీర్ఘకాలిక ఇన్‌ఫెక్షన్ వల్ల బైపాస్ గ్రాఫ్టులు మూసుకుపోతాయి” అన్నాను. వాక్యం సరిపోతుందా? గ్రాఫ్ట్‌ని ‘అంటు’ అనొచ్చా?

జవాబు: అంటు వద్దండీ. మామిడికి బాగుంటుంది గానీ, పక్కనే ఇన్‌ఫెక్షన్ ఉంటే అంటురోగమే గుర్తొస్తుంది. గ్రాఫ్ట్ అనే ఉంచేయండి. మూసుకుపోయిన గుండె ధమనిని తప్పించి రక్తం పారడానికి వేసే నాళమే కదా అది. “కాలి నరం తీసి గుండెకి వేశారు” అని ఇళ్లలో అంటాం కాబట్టి, ఒక్కసారి ‘కాలి సిర’ అని చెబితే అందరికీ అర్థమవుతుంది.

నా పేచీ ‘వల్ల’తోనే. 1988లో ఫిన్లాండ్ పరిశోధకులు, గుండెజబ్బు ఉన్నవాళ్ల రక్తంలో క్లమీడియా న్యుమోనియే అనే బాక్టీరియాకి యాంటీబాడీలు ఎక్కువగా ఉన్నాయని చూపించారు. దగ్గు తుంపర్లతో వ్యాపించి న్యుమోనియా తెచ్చే సూక్ష్మజీవి ఇది. తర్వాత గుండె ధమనుల్లో పేరుకున్న కొవ్వులోనూ, 1990ల చివర్లో మూసుకుపోయిన సిర గ్రాఫ్టుల్లోనూ దాని ఆనవాళ్లు దొరికాయి. సరే, దొరికింది. రక్తనాళం గోడని పాడుచేసింది అదేనా, లేక అప్పటికే పాడైన చోటికి తెల్ల రక్తకణాల్లో దాక్కుని వచ్చి చేరిందా? దొంగతనం జరిగిన ఇంటి దగ్గర కనిపించిన ప్రతివాడూ దొంగ కాదు కదా.

యాంటీబయాటిక్ ఇచ్చీ చూశారు. 2005లో వెలువడిన ఒక ప్రయోగంలో గుండెజబ్బు ఉన్న నాలుగు వేలమందిలో సగం మందికి వారానికోసారి చొప్పున ఏడాదిపాటు అజిత్రోమైసిన్, మిగతావాళ్లకి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. గుండెపోట్లు తగ్గలేదు. అది గ్రాఫ్టుల కోసమే పెట్టిన ప్రయోగం కాదు, నిజమే. అయినా ఆ ఊహకి గట్టి దెబ్బే.

ఇంకొకటి. అన్నిటికీ ‘మూసుకుపోవడం’ ఒక్కటే వాడేశారు. మొదటి నెలలో గ్రాఫ్ట్ సాధారణంగా రక్తం గడ్డకట్టి మూసుకుపోతుంది. ఆ తర్వాత ఏడాది దాకా, ధమని ఒత్తిడికి అలవాటు లేని సిర గోడ మందమెక్కి దారి ఇరుకవుతుంది. ఏళ్లు గడిచాక కొవ్వు పేరుకుని పూడుతుంది. ఇన్‌ఫెక్షన్ అనుమానం ముఖ్యంగా ఈ మూడోదాని మీదే. అక్కడ ‘పూడడం’ రాయండి, చక్కగా కుదురుతుంది.

ప్రశ్న: పోనీ, “ఇన్‌ఫెక్షన్ వల్ల అని అంటారు” అంటే?

జవాబు: ఎవరంటారు? ‘అంటారు’ తగిలించినా ‘వల్ల’ పోలేదుగా.

మరొకరు: వలన, కంటె, పట్టి పంచమీ విభక్తి. ఈ వాక్యానికి షష్ఠి చాలు: “పూడిపోయిన గ్రాఫ్టుల్లో కొన్నింటిలో ఈ బాక్టీరియా ఆనవాళ్లు కనిపించాయి.” లోన్, లోపలన్ షష్ఠే కదా.

జవాబు: అద్దీ! పంచమిని సిగరెట్‌కీ కొలెస్ట్రాల్‌కీ అట్టేపెట్టండి. మీ ‘వల్ల’ చదివి ఎవరో ఒకరు మెడికల్ షాపుకెళ్లి అజిత్రోమైసిన్ స్ట్రిప్ అడుగుతారు, వాళ్లు చీటీ చూడకుండానే ఇచ్చేస్తారు.