జపాన్‌లో సాటర్న్ గెలిచిందా, నింటెండో 64 గెలిచిందా? ఇంతకీ ఎవరి లెక్క లెక్క?

పాతక్యాసెట్ (చర్చ మొదలుపెట్టినవారు)

నిన్న తొంభైల నాటి గేమ్ కన్సోళ్ల (టీవీకి తగిలించి ఆడే పెట్టెల) మీద వేరే చర్చలో ఎవరో "సాటర్న్ అట్టర్ ఫ్లాప్, ప్రపంచమంతా కలిపినా కోటి అమ్మలేదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అక్కడే జవాబు రాద్దామని కూర్చుంటే చాంతాడంత అయింది, అందుకే విడిగా పెడుతున్నా.

కోటి దాటలేదన్నది నిజమే. సెగా సాటర్న్ మొత్తం 92.6 లక్షలు. నింటెండో 64 మొత్తం 3.29 కోట్లు. మూడున్నర రెట్లు. ఇక్కడితో ఆగితే కథ కంచికే. కానీ నింటెండో తన లెక్కను మూడు గడుల్లో ఇస్తుంది: జపాన్, అమెరికా ఖండాలు, ఇతర ప్రాంతాలు. ఆ జపాన్ గడిలో నింటెండో 64కి ఉన్నది 55.4 లక్షలే. అదే దేశంలో సాటర్న్ 57 లక్షల పైచిలుకు. తన పాత కన్సోళ్లు ఫామికామ్ 1.93 కోట్లు, సూపర్ ఫామికామ్ 1.71 కోట్లు అమ్ముకున్న సొంత గడ్డ మీద క్యోటో కంపెనీ నింటెండో, సోనీ ప్లేస్టేషన్, సాటర్న్‌ల తర్వాత మూడో స్థానంలో నిలబడింది!

సినిమాకి నైజాం, సీడెడ్, ఆంధ్ర, ఓవర్సీస్ అని ఏరియాల వారీగా తెల్లవార్లూ కొట్టుకునే మనం, కన్సోల్ దగ్గరికొచ్చేసరికి ఒక్క వరల్డ్‌వైడ్ అంకె చూసి పడుకుంటామేంటి? సాటర్న్ ఫ్లాప్ అన్నది అమెరికా మాట. మనం ఇంగ్లిష్ పత్రికలు, వీడియోలు చూసి పెరిగాం కాబట్టి అదే మన మాట అయిపోయింది. కాదంటారా?

డల్లాస్_మధు

అన్నా, అంకెలతో పేచీ లేదు, తేదీలు కూడా చూడు. సాటర్న్ జపాన్‌లో 1994 నవంబర్ 22న వచ్చింది. నింటెండో 64 వచ్చింది 1996 జూన్ 23న. పంతొమ్మిది నెలల ముందు కొట్టు తెరిచి, చివరికి రెండు లక్షల తేడాతో బయటపడితే దాన్ని గెలుపంటామా?

ఇంకోటి. ఒక ఏరియాలో రికార్డు కొట్టినా నిర్మాతకి డబ్బు రావాలి కదా. నింటెండో 64 అమెరికా ఖండాల్లో 2.06 కోట్లు. సాటర్న్ అమెరికాలో 20 లక్షలు కూడా అందుకోలేదు. 2001 జనవరి 31న సెగా కన్సోళ్ల తయారీ ఆపేస్తున్నామని ప్రకటించేసింది. గెలిచినవాడు షట్టర్ దించేసుకుంటాడా?

గుంటూరు_గేమర్

ఆ జపాన్‌లోనే సోనీ మొదటి ప్లేస్టేషన్ రెండు కోట్ల పైన అమ్ముడైందండీ. గెలిచినాయన ఊరేగింపులో ఉంటే, డిపాజిట్టు ఎవరికి దక్కిందని మీరిద్దరూ పంచాయితీ పెట్టారు 😂

ఒసాకా_తెలుగోడు

మధు గారూ, ముందొచ్చిన సంగతి చెప్పారు, ముందు పోయిన సంగతి వదిలేశారు. 1998 నవంబర్ 27న సెగా తర్వాతి కన్సోల్ డ్రీమ్‌కాస్ట్ రావడంతో సాటర్న్ పని అయిపోయింది. నాలుగేళ్ల బతుకు. నింటెండో 64కి జపాన్‌లో దాని తర్వాతి కన్సోల్ గేమ్‌క్యూబ్ వచ్చేదాకా, అంటే 2001 సెప్టెంబర్ దాకా, అయిదేళ్లకు పైగా సమయం దొరికింది. ముందు పరిగెత్తడం మొదలుపెట్టింది ఒకరు, ఎక్కువసేపు పరిగెత్తింది ఇంకొకరు. తేదీల వాదన ఎటూ తూగదు.

అసలు ఇక్కడ ఏం జరిగిందో చెప్తాను. నేను ఒసాకా వచ్చి పదకొండేళ్లు. నిప్పొంబషిలో డెన్‌డెన్ టౌన్ అని ఎలక్ట్రానిక్స్ వీధి ఉంది, మన కోఠీ లాంటిది. అక్కడి పాత సామాను కొట్లలో సాటర్న్ డిస్కులు బుట్టల్లో పోసి ఉంటాయి. ఇళ్లలో అంతగా ఉండేవి కాబట్టే కదా అటకల మీద నుంచి దిగి బుట్టల్లోకి వచ్చాయి.

కారణం ఒకటి, ఆర్కేడ్, అంటే నాణెం వేసి ఆడే గేమ్ సెంటర్లు. అక్కడి సెగా వాళ్ల కొట్లాట గేమ్ వర్చువా ఫైటర్ అంటే అప్పటి జపాన్ కుర్రాళ్లకి పిచ్చి. అది ఇంట్లో కావాలంటే సాటర్న్ కొనాల్సిందే. కారణం రెండు, నింటెండో 64 విడుదల రోజు జపాన్‌లో ఉన్న గేములు మూడంటే మూడు: సూపర్ మారియో 64, పైలట్‌వింగ్స్ 64, ఇంకోటి షోగి. అవును, షోగి, జపాన్ చదరంగం! మారియోని చూసి కొన్నవాడు అది అయిపోయాక ఏం ఆడాలి? జపాన్‌లో మొదటి నుంచీ గిరాకీ ఆర్‌పీజీలకి, అంటే పాత్రని పెంచుకుంటూ పెద్ద కథ నడిపే గేములకి. అలాంటి ఫైనల్ ఫ్యాంటసీ 7 నింటెండో 64 క్యాసెట్‌లో పట్టదని ప్లేస్టేషన్ సీడీలకి వెళ్లిపోయింది, 1997 జనవరిలో విడుదలైంది. దాని ధర 6,800 యెన్లు. మారియో 64 క్యాసెట్ 9,800 యెన్లు. బడిపిల్లాడి జేబు ఎటు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు.

అమెరికాలో ఇదంతా తలకిందులు. అక్కడ సాటర్న్‌ని చంపింది సెగానే. 1995 మే నెలలో ఈ3 ప్రదర్శనలో "ఇవాళే అమ్మకాలు మొదలు, 399 డాలర్లు" అని సెగా ప్రకటించింది. అదీ నాలుగు దుకాణ సంస్థలకే సరుకిచ్చి. మిగతా దుకాణాలవాళ్లకి ఒళ్లు మండింది. అదే రోజు సోనీ మనిషి వేదికెక్కి ప్లేస్టేషన్ ధర "299" అని ఒక్క అంకె చెప్పి దిగిపోయాడు. రెండు చోట్లా సాటర్న్ అదే పెట్టె, అదే చిప్పులు. ఒక దేశంలో బతికింది, ఇంకో దేశంలో పురిట్లోనే పోయింది. మొత్తం కలిపేసి "92 లక్షలు" అంటే ఈ రెండు కథల్లో ఒక్కటీ మిగలదు.

డల్లాస్_మధు

> అక్కడ సాటర్న్‌ని చంపింది సెగానే

దీనికి మాత్రం దండం. ఒప్పుకున్నా.

సుధ_సీఏ

అందరూ 57, 55 అని ఒకే తక్కెడలో వేస్తున్నారు. ఆ రెండూ ఒకే రకం అంకెలేనా అని ఒక్కరూ అడగలేదు.

కంపెనీ చెప్పే లెక్క సాధారణంగా షిప్‌మెంట్: గోదాం నుంచి దుకాణదారుకి పంపినది. ఫామిత్సు లాంటి జపాన్ పత్రికలు ఇచ్చేది కౌంటర్ మీద అమ్ముడైన లెక్క. మీ సినిమా భాషలో గ్రాస్ వేరు, షేర్ వేరు, పోస్టర్ మీద వేసుకునేది మరీ వేరు. సోనీ అయితే 2007 దాకా ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన పెట్టెల లెక్కే చెప్పేది, ఆ తర్వాత పద్ధతి మార్చింది. మైక్రోసాఫ్ట్ 2015 నుంచి కన్సోళ్ల సంఖ్య చెప్పడమే మానేసింది. నింటెండో ఇచ్చే 55.4 కంపెనీ పుస్తకాల్లోది. ఇంటర్నెట్‌లో సాటర్న్‌కి తిరిగే 57 ఏ రకందో తేల్చకుండా, 4 శాతం తేడా మీద ఎవరు రెండు, ఎవరు మూడు అని నేనైతే సంతకం పెట్టను. "ఇద్దరూ ఇంచుమించు సమానం, ఇద్దరినీ కలిపినా ప్లేస్టేషన్‌లో సగం" అంటే మాత్రం కళ్లు మూసుకుని పెడతాను.

గడుల సంగతి కూడా చూడండి. "అమెరికా ఖండాలు" అంటే యునైటెడ్ స్టేట్స్ ఒక్కటే కాదు. కెనడా, మెక్సికో, బ్రెజిల్ అన్నీ అందులోనే. మధు గారు ఆ 2.06 కోట్ల పక్కన సాటర్న్ యూఎస్ లెక్క పెట్టారు. గడి ఒకటి, దేశం ఒకటి. ఆడిట్‌లో అయితే ఎర్ర సిరా పడేది.

బ్రెజిల్ మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. అక్కడ దిగుమతి సుంకాలు మండిపోయేవి కాబట్టి టెక్‌టాయ్ అనే స్థానిక కంపెనీ సెగాతో ఒప్పందం చేసుకుని అక్కడే సెగా పాత కన్సోల్ మాస్టర్ సిస్టమ్‌ని తయారుచేసి అమ్మింది. గేముల్లో తమ దేశపు కామిక్ పాత్ర మోనికాని పెట్టింది. నింటెండో అధికారికంగా 1993లో గానీ అడుగుపెట్టలేదు. జపాన్‌లో, అమెరికాలో ఫామికామ్ చేతిలో చిత్తుగా ఓడిన యంత్రం బ్రెజిల్‌లో 80 లక్షల దాకా అమ్ముడైందని అంటారు, రెండువేల పదుల్లో కూడా కొత్త పెట్టెలు దొరికేవి. "మాస్టర్ సిస్టమ్ ఓడిపోయింది" అన్న వాక్యం సావోపాలోలో చెప్తే నవ్వుతారు. కాబట్టి పాతక్యాసెట్ గారి మూల వాదనతో నాకు గొడవ లేదు. ఆయన ఎంచుకున్న ఉదాహరణే బలహీనం.

పాతక్యాసెట్

సుధ గారూ, ఎర్ర సిరా నాకూ పడింది, సరే. అయితే ఇంకో ఉదాహరణ తీసుకోండి, ఇందులో 4 శాతం గొడవ లేదు.

మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360 మొత్తం 8.4 కోట్లు, సోనీ ప్లేస్టేషన్ 3 మొత్తం 8.74 కోట్లు. పైకి చూస్తే నువ్వా నేనా అన్నట్టు సాగిన పోరు. కానీ అలాంటి పోరు దాదాపు ఏ పెద్ద మార్కెట్లోనూ జరగలేదు! అమెరికాలో, బ్రిటన్‌లో 360ది పైచేయి. జపాన్‌లో ప్లేస్టేషన్ 3కి ఒక కోటి చిల్లర, 360 ఏమో 16 లక్షల దగ్గర ఆగిపోయింది. ఆరు రెట్లు. ఫైనల్ ఫ్యాంటసీ సృష్టికర్త సకగూచిని పట్టుకొచ్చి, జపాన్ కోసమే బ్లూ డ్రాగన్, లాస్ట్ ఒడిస్సీ చేయించినా మైక్రోసాఫ్ట్‌కి ఆ తలుపు తెరుచుకోలేదు. ఇటో ఏకపక్షం, అటో ఏకపక్షం. రెండూ కూడితే "హోరాహోరీ" అన్న అబద్ధం పుట్టింది. మొత్తం అంకె నిజం దాచడమే కాదు, లేని కథ కూడా అల్లుతుంది.

డల్లాస్_మధు

ఈ ఉదాహరణ బాగుంది. మొదటే ఇది పెట్టుంటే నేను నోరు మూసుకునేవాణ్ని.

కానీ పెట్టుబడి పెట్టేవాడు చూసేది ఆఖరికి మొత్తమే కదా అన్న నా మాట అలాగే ఉంది. ఒక్క చోట మాత్రం నాకే ఏరియా లెక్క నిజంగా తగిలింది. నేను కాలేజీలో ఉండగా సాటర్న్ గేమ్ షైనింగ్ ఫోర్స్ 3 ఇంగ్లిష్‌లో ఆడాను. అది మూడు భాగాల కథ. అమెరికాలో సాటర్న్ పోయింది కాబట్టి మొదటి భాగం ఒక్కటే ఇంగ్లిష్‌లో వచ్చింది, మిగతా రెండూ జపాన్ దాటలేదు. సీరియల్ మధ్యలో కరెంటు పోయినట్టు. సకురా తైసెన్ అనే గేమ్ జపాన్‌లో అంత ఆడింది, సాటర్న్ మీద ఇంగ్లిష్‌లో రానే లేదు. మన ఏరియాలో ఎన్ని పెట్టెలు అమ్ముడయ్యాయన్నదే మనం ఏ కథ పూర్తి చేయగలమో నిర్ణయించింది. షేర్‌హోల్డర్‌కి మొత్తం ముఖ్యం, ఆడేవాడికి ఏరియా ముఖ్యం. నేను అంతవరకు దిగొస్తాను, అంతకంటే రాను.

కరీంనగర్_పోరడు

అన్నలూ, అక్కా, మీరు జపాన్, అమెరికా అని గుద్దుకుంటున్నరు గానీ, మనం ఏ గడిలున్నం? "ఇతర ప్రాంతాలు". గంతే. యూరప్, ఆస్ట్రేలియా, అందర్నీ ఒకటే సంచిల కట్టి పడేసిన్రు.

గా సంచిల కూడ మనం లేము అసల్‌కి. మా వాడకట్టుల 2000ల మొదట్ల ఎండకాలం సెలవులొస్తే ప్రతి నాలుగిండ్లకు ఒక టీవీ గేమ్ ఉండె. క్యాసెట్ మీద 9999 ఇన్ 1 అని రాసుండేది, లోపల ఉండేది పది పదిహేను గేములు, గవే తిప్పి తిప్పి. ఊది పెట్టి, మల్ల ఊది పెట్టి కాంట్రా ఆడినం. గవన్ని ఫామికామ్ నకళ్లని మస్తు రోజులకు ఎరికైంది. ఫామికామ్ మొత్తం 6.19 కోట్లు అంటరు, గండ్ల మావి ఒక్కటన్న ఉన్నదా? లేదు. రష్యాల గిట్లనే డెండీ అని నకలు, ఆడ అదే రాజు. నింటెండో బుక్కుల అది గుండు సున్న. ఆడినోళ్ల లెక్క తీస్తే ఫామికామ్ ఎన్ని కోట్లు కావాలె? సుధక్కా, దీనికి ఏ సిరా ఏస్తవ్?

సుధ_సీఏ

లెక్కలో లేని సరుకుకి సిరా ఉండదు తమ్ముడూ. అడిగింది మాత్రం ఈ చర్చ మొత్తంలో మంచి ప్రశ్న.

గుంటూరు_గేమర్

ప్లేస్టేషన్ 2 కూడా చూడండి. మొత్తం 16 కోట్లు అని ఒక్క అంకె చెప్తారు. అందులో మనవాళ్ల పెట్టెలు చాలా ఆలస్యంగా కొన్నవే. 2009లో హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ హనుమాన్: బాయ్ వారియర్ అని గేమ్ చేస్తే, సోనీ దాన్ని ప్లేస్టేషన్ 2 మీదే విడుదల చేసింది. అప్పటికి ప్లేస్టేషన్ 3 వచ్చి రెండేళ్లు దాటిందండీ! ఇక్కడ ఇళ్లలో ఉన్నది పాతదే అని వాళ్లకీ తెలుసు. గేమ్ ఎలా ఉందని మాత్రం అడక్కండి, హనుమంతుడి మీద భక్తితో మూడు గంటలు ఓర్చుకున్నాను.

ఒసాకా_తెలుగోడు

కరీంనగర్ తమ్ముడూ, నీ "ఏ గడి" ప్రశ్నకి ఇంకో మెలిక ఉంది. నింటెండో స్విచ్ ఇండియాలో అధికారికంగా అమ్మరు. మన దగ్గరున్నవి దుబాయ్ నుంచో, సింగపూర్ నుంచో, నాలాంటివాళ్ల సూట్‌కేసుల్లోనో వచ్చినవే. 2019లో మా అక్క కొడుక్కి ఇక్కడ కొని విజయవాడ పట్టుకెళ్లాను. వాడు అయిదేళ్లు కృష్ణలంకలో ఆడాడు. నింటెండో పుస్తకంలో మాత్రం అది జపాన్ అమ్మకం.

ఇప్పుడు ఆ దారీ మూసుకుంటోంది. స్విచ్ 2 ఇక్కడ 2025లో రెండు రకాలుగా వచ్చింది: జపనీస్ భాష ఒక్కటే ఉన్నది అప్పట్లో 49,980 యెన్లు, అన్ని భాషలున్నది 69,980. చవకదానికి జపాన్ అకౌంట్ తప్ప వేరేది అతకదు. యెన్ పడిపోయాక బయటివాళ్లు ఊడ్చుకుపోకుండా వేసిన కంచె అని నా అనుమానం.

సుధ_సీఏ

అంటే మీ మేనల్లుడు అయిదేళ్లు జపాన్ మార్కెట్‌ని నిలబెట్టాడన్నమాట.

కరీంనగర్_పోరడు

అన్నా, నెక్స్ట్ వచ్చేటప్పుడు గా కొట్లకెల్లి నాకొక సాటర్న్ తేవా? పైసలు ముందే కొడ్త.

ఒసాకా_తెలుగోడు

తెస్తాను. కానీ అది 100 వోల్టులది, మన గోడలో నేరుగా గుచ్చితే పొగే. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కొని పెట్టుకో. వెనక మూత తీసి సీఆర్2032 బ్యాటరీ కొత్తది వెయ్యి, లేకపోతే ఆడినదేదీ సేవ్ అవదు.